గోడ మీద లేని గీత

మూడేళ్ల కిందట నలుగురి ముందూ ఆపేసిన పాత కంప్యూటర్ సిస్టమ్ ఇంకా నడుస్తూనే ఉందని, పోయిన సోమవారం ఆస్పత్రికి వచ్చిన ఆ చెడ్డ మందుల పెట్టెలను ఏరి పంపింది కూడా అదేనని మామగారు చెప్పేసరికి, ఆమె స్టవ్ ఆపేసి వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

"మళ్లీ చెప్పండి మామయ్యా. నెమ్మదిగా."

"నెమ్మదిగా చెప్పినా అదే మాటమ్మా."

టేబుల్ మీద పరిచిన స్లిప్పును ఆయన అరచేత్తో సాపు చేశారు. అది ఆమె పనిచేసే ఆస్పత్రి ఫార్మసీకి వచ్చిన సరుకు స్లిప్పు. పదిహేడు వరసలు. పక్కన బ్యాచ్ నంబర్లు, ఏ అరలోంచి తీశారో ఆ అర నంబర్లు. కింద 'సరి చూసి తీసుకున్నాను' అన్న ముద్ర, ముద్ర మీద ఆమె సంతకం.

పదకొండు గంటలకు ఆ మందులు పంపిన కంపెనీలో విచారణ ఉంది. ఆస్పత్రి తరఫున ఆమె ఈ కాగితం చూపించాలి. దాని ఆధారంగా, అక్కడే పనిచేస్తున్న ఆమె తమ్ముడి ఉద్యోగం తీసేస్తారు. గురువారం నుంచి ఈ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగడం లేదు.

"ఇదిగో, ఈ మూడో వరస చూడు," అన్నారు మామగారు. "ఒకే మందు, గోడౌన్‌లో అడిగితే రెండు బ్యాచ్‌లు ఉన్నాయన్నారు. రెండింటి ఎక్స్‌పైరీ ఒకటే. ఒకటి గోడౌన్‌కి రెండో తారీఖున వచ్చింది, ఇంకోటి పదకొండున వచ్చింది. ఏది ముందు పంపాలి?"

"ముందు వచ్చింది."

"మీ ఆయన కట్టిన కొత్త సిస్టమ్ నియమం అదే. ముందు వచ్చింది ముందు. కానీ పదకొండున వచ్చింది పంపారు. ఎందుకు పంపారో తెలుసా? అది కింది అరలో ఉంది కనక."

ఆమెకు అర్థం కాలేదు. ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచారు.

"పంతొమ్మిదేళ్ల కిందటి మాట. గోడౌన్‌లో ఒకతను పై అర నుంచి పెట్టె తీస్తూ నిచ్చెన మీంచి పడ్డాడు. నడుం విరిగింది. మర్నాడు నేను సిస్టమ్‌లో ఆరు లైన్లు రాశాను. ఎక్స్‌పైరీ ఒకటే అయితే కింది అరలోది పంపు, మనిషిని ఎక్కించకు, అని. ఎవరూ అడగలేదు, నేనూ ఏ కాగితం మీదా పెట్టలేదు. ఆ పడ్డవాడికి ఒక్కడికే చెప్పాను. కొత్త సిస్టమ్‌కి ఆ సంగతి తెలిసే దారే లేదు. మరి ఈ పదిహేడు వరసలూ కింది అర నుంచే ఎలా వచ్చాయి?"

చెబుతున్నంతసేపూ ఆయన ముఖంలో ఏదో వెలుగు. ఇరవై ఆరేళ్లు ఆ కంపెనీలోనే పనిచేసి, పాత సిస్టమ్‌ను సొంత చేతుల్తో రాసిన మనిషి. తన ఆరు లైన్లు ఇంకా ఒక మనిషిని నిచ్చెన ఎక్కకుండా కాపాడుతున్నాయన్న సంబరం.

తర్వాత ఆయన చూపు ఆమె సంతకం మీద పడింది. వెలుగు ఆరిపోయింది.

"సిగ్గులేని ముండాకొడుకుని," అన్నారు, తనని తానే. "అక్కడ మనిషి మంచం మీద ఉంటే నేను మురిసిపోతున్నాను."

ఆ మనిషి బస్సు డ్రైవరు. కడుపు ఆపరేషను అయి తొమ్మిదో నంబరు మంచం మీద ఉన్నాడు. అతనికి ఇచ్చిన ఇంజెక్షన్ తయారీలోనే పలచబడిందని రెండు నెలల కిందటే తెలిసి, ఆ బ్యాచ్ మొత్తాన్ని వెనక్కి పిలిచారు. వెనక్కి పిలిచిన బ్యాచ్ అతని నరంలోకి ఎలా వెళ్లింది? అంటే, ఆమె చేతుల మీదుగానే వెళ్లింది. కంపెనీ సిస్టమ్ చూసుకుంటుందిలే అని ఆమె జాబితాతో పోల్చి చూడలేదు. ఆరు రోజులైంది, అతనికి జ్వరం దిగలేదు.

వెనక్కి పిలిచిన బ్యాచ్‌ల జాబితాను కొత్త సిస్టమ్‌లో చేర్చింది ఆమె తమ్ముడు. ఆ భాగం మీద చివరిసారి చెయ్యి పెట్టింది అతనే. అందుకే అందరూ అతన్నే పట్టుకున్నారు.

"మామయ్యా, పాత సిస్టమ్‌కి ఆ జాబితా తెలుసా?"

"ఎలా తెలుస్తుంది? జాబితా పుట్టకముందే దాన్ని చంపేశాం కదా. చంపేశామనుకున్నాం."

అంటే తమ్ముడు రాసింది సరిగ్గానే ఉంది. కానీ పెట్టెలు ఎంచే పాత సిస్టమ్ దాన్ని చదవడమే లేదు.

గురువారం సాయంత్రం తాను తమ్ముడితో అన్న మాట ఆమెకు గుర్తొచ్చింది. 'నీ అజాగ్రత్తకి నా చేత్తో మనిషిని చంపించబోయావు కదరా' అంది.

స్నానాల గది తలుపు తెరుచుకుంది. ఆమె భర్త చొక్కా చేతులు బిగించుకుంటూ వచ్చాడు.

"ఏంటి, మామాకోడళ్లు పొద్దున్నే పంచాయితీ పెట్టారు?"

"మీ ముసలాయన బతికే ఉన్నాడట," అంది ఆమె.

ముసలాయన అంటే ఆఫీసులో పాత సిస్టమ్‌కి పెట్టుకున్న పేరు. భర్త వేళ్లు గుండీ దగ్గర ఆగాయి. అర క్షణమే. మళ్లీ కదిలాయి.

ఆఫీసులో ఆమె భర్తను అందరూ గోడ సారు అంటారు. కొత్త సిస్టమ్ మొత్తాన్ని డిజైన్ చేసింది అతను. నాలుగో అంతస్తులో ఒక గోడ నిండా దాని బొమ్మ గీయించాడు. ఆర్డర్లకు ఒక పెట్టె, నిల్వలకు ఒక పెట్టె, లారీలకు ఒక పెట్టె. ఏ భాగం ఏ భాగాన్ని ఏమడగాలో చెప్పే గీతలు. 'గోడ మీద లేని గీత సిస్టమ్‌లో ఉండకూడదు' అన్నది అతని మాట. బయటి నుంచి ఎవరొచ్చినా ముందు ఆ గోడ చూపిస్తారు.

"ఒరే, ఈ స్లిప్పు చూడు," అన్నారు తండ్రి.

అతను చూశాడు. చాలా కొద్దిసేపు చూశాడు.

"కలిసొచ్చి ఉంటుంది నాన్నా. వెయ్యి స్లిప్పుల్లో ఒకటి అలా పడుతుంది."

"పదిహేడు వరసలు. పదిహేడూ అలాగే పడతాయా?"

"పడొచ్చు."

"లెక్కలు నేనే నేర్పానురా నీకు."

అతను గ్లాసులో మంచినీళ్లు ఒంపుకున్నాడు. తాగలేదు.

"మరైతే ఆ రోజు నేను నొక్కింది ఏంటి?" అన్నారు తండ్రి.

ఆ రోజు ఆమె కూడా అక్కడే ఉంది. రెండు వందల మంది నిలబడి ఉన్నారు. కొడుకు మైకులో 'ముసలాయనకి మా నాన్నగారే వీడ్కోలు చెప్పాలి' అన్నాడు. మామగారు ఒక మీట నొక్కారు. తెర నల్లబడింది. చప్పట్లు. ఆయన రుమాలు తీసుకుని ముఖం అటు తిప్పుకున్నారు. పాత సిస్టమ్ పోయింది, పెద్ద సారు కళ్లనీళ్లు పెట్టుకున్నారని తర్వాత నెల రోజులు ఆఫీసంతా ముచ్చటగా చెప్పుకున్నారు.

"తెర ఆగింది కదా," అన్నాడు అతను.

"తెరేనా ఆగింది?"

పై ఇంట్లో ఎవరో కుర్చీ ఈడ్చారు. ముగ్గురూ పైకి చూశారు, చూడటానికి ఏదో ఒకటి దొరికినట్టు.

"ఆ తర్వాత ఎవరైనా మళ్లీ లేపి ఉంటే నాకెలా తెలుస్తుంది?" అన్నాడు అతను, గ్లాసుతో మాట్లాడుతున్నట్టు. "దాని పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది? మీ ఒక్కరి దగ్గరే కదా."

ఆమె తల తిప్పి మామగారి వైపు చూసింది.

"మామయ్యా... మీరా?"

నోరు జారిన మరుక్షణం నాలుక కొరుక్కుంది. ఆయన ఆమెను చూడలేదు. కొడుకును చూస్తున్నారు. చిన్నప్పుడు వాడు అబద్ధం చెబితే చెవులు ఎర్రబడేవని ఆయన తరచూ చెప్పేవారు. ఇప్పుడు ఆ చెవుల్నే చూస్తున్నారో ఏమో, చాలాసేపు చూశారు.

"అయ్యుంటుంది," అన్నారు చివరికి.

"అయ్యుంటుందంటే?"

"ముసలితనం కదమ్మా. చేత్తో పెంచినదాన్ని చంపబుద్ధి కాలేదేమో. నేనే మళ్లీ లేపి ఉంటాను."

కొడుకు తలెత్తలేదు. ఒద్దు అనలేదు. అవును అనీ అనలేదు.

అప్పుడే గదిలోంచి తమ్ముడు వచ్చాడు. నాలుగు రోజుల గడ్డం గీసుకున్నాడు, చెంప మీద రెండు చోట్ల తెగింది. మెడలో టై వేలాడుతోంది.

"బావా, ఇది ముడి పడట్లేదు."

"ఎందుకురా టై?" అంది అక్క.

"ఉద్యోగంలో చేరిన రోజు కట్టుకున్నానక్కా. తీసేసే రోజు కూడా మర్యాదగానే ఉండాలి కదా." నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

బావ అతని దగ్గరికి వెళ్లి టై అందుకున్నాడు. ఆరేళ్ల కిందట కూడా అతనే కట్టాడు. ఈసారి ముడి రెండుసార్లు తప్పింది.

"బావా, మీరేం బాధపడకండి," అన్నాడు తమ్ముడు, గడ్డం పైకెత్తి నిలబడి. "తప్పు నాదేనని ఒప్పుకుంటాను. నన్ను పెట్టించింది మీరు. మీ పేరు మీదికి రానివ్వను. కానీ ఒక్కటే బుర్రకెక్కట్లేదు. మేం పరీక్షించే చోట నా జాబితా ప్రతిసారీ పనిచేసింది. చెడ్డ బ్యాచ్ ఒక్కటి కూడా దాటలేదు. అసలు చోటికి వెళ్లాక ఎందుకు దాటింది?"

"పాత సిస్టమ్ ఇంకా నడుస్తోందట్రా," అంది అక్క. "పెట్టెలు ఎంచుతోంది అదేనట."

తమ్ముడు గడ్డం దించాడు.

"అయితే 'పోలిక సహాయకం' అంటే అదేనా?"

"అదేంటి?"

"పెట్టెలు ఎంచే భాగంలో ఒక చోట ఆ పేరుతో చిన్న ముక్క ఉందక్కా. పైన 'ముట్టుకోవద్దు, నన్నడగండి' అని బావ రాసిన గమనిక ఉంది. అది గోడ మీద కూడా లేదు. పోయినేడు బావనే అడిగాను. నివేదికల కోసం పెట్టాం, నీకక్కర్లేదు అన్నారు. కదా బావా?"

టై ముడి బిగుసుకుంది. తమ్ముడు దగ్గాడు.

"టైమైంది. దారిలో మాట్లాడుకుందాం," అన్నాడు బావ.

దారిలో ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

ముందు సీట్లో మామగారు సీటు బెల్టు పట్టుకుని నిటారుగా కూర్చున్నారు. రోజూ వెళ్లే ఆఫీసు మలుపును ఆమె భర్త దాటేశాడు. రెండు సందులు తిరిగి వెనక్కి రావాల్సి వచ్చింది. "నీకంటే ముసలాయనే నయం, దారి తప్పడు," అన్నారు మామగారు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆయనే కిటికీ వైపు తిరిగారు.

వెనక సీట్లో తమ్ముడు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. క్షమించరా అనాలనుకుంది ఆమె. మామయ్య వినేలా, భర్త వినేలా ఆ మాట అంటే, తర్వాత అడగాల్సిన ప్రశ్న కూడా నోట్లోంచి వచ్చేస్తుందని భయపడింది. మామయ్య తిరిగి లేపిన సిస్టమ్‌కి మీరెందుకు గమనిక రాశారండీ అన్న ప్రశ్న.

ఆమె నోరు కట్టేసుకుంది. తన మౌనం తనకే అసహ్యంగా తోచింది.

నాలుగో అంతస్తు. గోడ. దాని ముందే పొడుగు బల్ల. బల్ల చివర మేడమ్, కంపెనీలో సరుకు రవాణా మొత్తానికీ పెద్ద. మేడమ్ పక్కన ఫోను స్పీకరులో ఉంది. అవతల గోడౌన్ నుంచి లోడింగ్ సూపర్‌వైజరు.

"పెద్ద సారూ! మీరెందుకు శ్రమపడ్డారు?" మేడమ్ లేచి నిలబడింది. మేడమ్ ఉద్యోగంలో చేరినప్పుడు పని నేర్పింది ఆయనే.

"కూర్చోమ్మా. చెప్పాల్సింది చెప్పి పోతాను. ఆ కుర్రాడి తప్పు లేదు. పాత సిస్టమ్ ఆగలేదు. పెట్టెలు ఇంకా అదే ఎంచుతోంది. ఆగకుండా చేసింది నేను."

తమ్ముడి భుజాలు ఒక్కసారిగా కిందికి దిగాయి. నాలుగు రోజుల తర్వాత ఊపిరి తీసుకున్నట్టు. వెంటనే ఆ నేరం ఇప్పుడు ఎవరి మెడకు చుట్టుకుందో గుర్తొచ్చి, తల వంచేసుకున్నాడు.

"మీరా?" అంది మేడమ్. "ఎప్పుడు?"

"ఆపిన మర్నాడే. పొద్దున్నే వచ్చి మళ్లీ లేపాను. కొత్తదానికి కలిపాను."

"ఇక్కడికి వచ్చి చేశారా?"

"ఆ, ఇక్కడే. మూడో అంతస్తులో."

ఆమె బల్ల కింద చేతులు బిగించుకుంది. ఆపిన మర్నాడు పొద్దున్న మామగారికి కంటి ఆపరేషన్ జరిగింది. రెండు కళ్ల మీదా దూది. మూడు రోజులు ఆమె చేత్తో చుక్కలు వేసింది, చెయ్యి పట్టుకుని నడిపించింది. ఆ మనిషి మూడో అంతస్తుకు వచ్చి సిస్టమ్ కలిపాడట.

ఈ సంగతి భర్తకూ తెలుసు. ఆస్పత్రికి కారు నడిపింది అతనే.

అది అబద్ధమని ఆమె అనలేదు. భర్త వైపు తిరిగి అతని ముఖంలోకి చూసింది. అను. నువ్వే అను. అతను గోడ వైపు చూస్తున్నాడు.

మేడమ్ పెన్ను మూసింది. "సరే. అయితే కుర్రాడి సస్పెన్షన్ ఇవాళే ఎత్తేస్తాం. పెద్ద సారు మీద..." పెన్ను పక్కన పెట్టింది. "ఇది మందుల విషయం సారూ. మనిషి ప్రాణం మీదికి వచ్చింది. నేను కళ్లు మూసుకోలేను. కేసు పెట్టాల్సి వస్తుంది."

"పెట్టమ్మా."

"ఆయనకి డెబ్బై రెండేళ్లు మేడమ్," అన్నాడు తమ్ముడు.

"నా వయసు నేను చెప్పుకోగలనురా," అన్నారు పెద్దాయన.

స్పీకరులో గొంతు గరగరలాడింది. "మేడమ్, పన్నెండుకి వదలమన్నారు. పదకొండు లారీలు లోడైపోయి ఉన్నాయి. నాలుగు రోజుల నుంచి ఆస్పత్రులు నన్ను తిడుతున్నాయి, ఇప్పుడు డ్రైవర్లు కూడా మొదలెట్టారు. గేటు తీయమంటారా?"

"ఒక్క నిమిషం." మేడమ్ ఆమె భర్త వైపు తిరిగింది. "గోడ సారూ, ఆ పాతదాన్ని ఊడబీకడానికి ఎంతసేపు?"

"రెండు నిమిషాలు."

"ఊడబీకండి. మీ బావమరిది చేర్చిన జాబితాను ఎలాగూ నిన్ననే వెనక్కి తీసేశాం, దాన్నీ మళ్లీ పెట్టించండి. లారీలు కదలనిద్దాం."

"అలాగే," అన్నాడు అతను.

అలాగే! అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. అతను లాప్‌టాప్ తెరిచాడు. తండ్రి కళ్లు మూసుకున్నారు. మేడమ్ ఫోను దగ్గరికి వంగింది.

"ఆ పదకొండు లారీల్లో పెట్టెలు ఎవరు ఎంచారు?"

అడిగింది ఆమె.

"ఎవరంటే?" అన్నాడు సూపర్‌వైజరు. "సిస్టమ్ ఇచ్చిన లిస్టేనమ్మా. పొద్దున ఆరింటికి వచ్చింది. దాని ప్రకారమే ఎక్కించాం."

"మిమ్మల్ని కాదు. ఈయన్ని అడుగుతున్నాను." పదకొండేళ్ల కాపురంలో ఆమె భర్తను ఎప్పుడూ మీరు అనే పిలిచింది. "నువ్వు చెప్పు. పొద్దున ఆరింటికి ఆ లిస్టు ఎంచింది ఎవరు?"

అతని వేళ్లు మీటల మీద ఆగాయి.

"మా ఫార్మసీకి ఒక లారీ వస్తుంది," అంది. "దించుకుని నేను సంతకం పెట్టాలి. పెట్టనా? చెప్పు. నువ్వు పెట్టమంటే పెడతాను. మామయ్య మాట కాదు, తమ్ముడి మాట కాదు. నువ్వు చెప్పు."

"ఏంటమ్మా ఇది?" అన్నారు మామగారు గాబరాగా. "చెప్పాను కదా నేనే అని—"

"మీరు ఊరుకోండి నాన్నా."

అతను లాప్‌టాప్ మూసేశాడు. లేచాడు. ముఖం పాలిపోయింది, చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"గేటు తీయకండి," అన్నాడు ఫోనుతో. "పదకొండు లారీలూ దించేయండి. ఒక్క పెట్టె కూడా బయటికి పోకూడదు."

"సారూ, దించాలంటే నాలుగు గంటలు—"

"దించండి!"

మేడమ్ అతన్ని కళ్లార్పకుండా చూస్తోంది.

అతను గోడ దగ్గరికి నడిచాడు. మధ్యలో అన్నిటికన్నా పెద్ద పెట్టె ఉంది. ఏ ఆస్పత్రికి ఏ పెట్టె వెళ్లాలో తేల్చే భాగం. దాని మీద చెయ్యి ఆనించాడు. నిలబడటానికి ఆసరా కోసమో, చూపించడానికో తెలియలేదు.

"దీని లోపల ఏమీ లేదు మేడమ్," అన్నాడు. "ముసలాయన్ని ఊడబీకితే మీకు లిస్టే రాదు. ఇది ఎంచదు. ఎంచే ముక్క మేం పరీక్షించే చోటే ఉంది, అసలు చోట ఎప్పుడూ ఎంచలేదు. వచ్చిన ప్రశ్నను పట్టుకెళ్లి ముసలాయన్ని అడుగుతుంది, ఆయన చెప్పిన జవాబు తెచ్చి తనదిగా చెబుతుంది. మూడేళ్లుగా అంతే. ఇవాళ మనుషుల్ని పెట్టి చేత్తో ఎంచుకోవాలి. ఇంకో దారి లేదు."

"బావా..." అన్నాడు తమ్ముడు.

"ఆగరా. మధ్యలో ఆపితే మళ్లీ చెప్పలేను."

అతను వాళ్లవైపు తిరగలేదు. గోడతోనే మాట్లాడాడు.

"మార్చే వారం రెండు సిస్టమ్‌లకీ ఒకే ఆర్డర్లు ఇచ్చి జవాబులు పోల్చాం. నాలుగు వందల పన్నెండు చోట్ల తేడా వచ్చింది. ముసలాయన ఒక పెట్టె అంటే నాది ఇంకో పెట్టె అంటోంది. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇంట్లోనే ఉన్నారు నాన్న. పక్క గదిలో. అడిగితే కింది అర సంగతి, అలాంటివి ఇంకో యాభై, ఒక పూటలో చెప్పేసేవారు. నేను అడగలేదు. ఆరు నెలలుగా భోజనాల దగ్గర ఆయనతో ఏమనేవాణ్ని? 'మీది ఒక పద్ధతీ పాడూ లేకుండా రాసేశారు నాన్నా, నేను కడుతున్నది చూడండి' అనేవాణ్ని. ఏ ముఖం పెట్టుకుని అడగను? అందుకని ముసలాయన్నే అడిగేలా చేశాను. తేడాలు సున్నాకి వచ్చాయి. వారం రోజులకే అనుకున్నాను. ఆ వారంలో మీరు నన్ను పైకెక్కించారు. గోడ గీయించమన్నారు. గోడ మీద ఆ గీత గీస్తే నేను కట్టింది ఏమీ లేదని తెలిసిపోతుంది. గీయలేదు."

పెద్దాయన కుర్చీలోంచి సగం లేచారు.

"నాన్న చేత మీట నొక్కించాను. ఆయన ఏడిస్తే నేను చప్పట్లు కొట్టాను. ఇవాళ పొద్దున ఆయన తన మీద వేసుకుంటానంటే ఊరుకున్నాను. ఊరుకోవడమేంటి, దారి చూపించింది నేనే. పాస్‌వర్డ్ మీ ఒక్కరి దగ్గరే ఉందన్నాను. ఆయనకి కళ్లకి దూది కట్టిన రోజు అది. కారు నడిపింది నేను. ఇక్కడ కూర్చుని ఆ అబద్ధం వింటూ, మేడమ్ నమ్మితే బాగుండును అనుకున్నాను."

ఆమె మామగారి చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది.

"మీ బావమరిదికి తెలుసా ఈ సంగతి?" అంది మేడమ్.

"తెలియదు." ఇప్పుడు అతను వెనక్కి తిరిగాడు. తమ్ముడి వైపు చూడాలని ప్రయత్నించి, టై ముడి దాకా చూసి ఆగిపోయాడు. "వాడు జాబితా చేర్చినప్పుడు నేనే చూసి బాగుందని సంతకం పెట్టాను. దాన్ని ముసలాయన చదవడని నాకు ఆ రోజే తెలుసు. చెబితే గీత సంగతి చెప్పాలి. ఎప్పుడో ఒకప్పుడు మనిషికి తగులుతుందనీ తెలుసు."

ఆగాడు. అయిపోయిందనుకుంది ఆమె. అవలేదు.

"గురువారం ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది కదా మేడమ్. పది నిమిషాల్లో నాకు మొత్తం అర్థమైంది. మీరు నా గదికి వచ్చి, ఇది ఎవరి పని అయి ఉంటుంది గోడ సారూ అని అడిగారు. వాడు అప్పుడు సీట్లో లేడు, అందరికీ టీ తేవడానికి కిందికి వెళ్లాడు. ఆ భాగం మీద చివరిసారి ఎవరు చెయ్యి పెట్టారో మీకు తెలియదు. మీరు ఎవరి పేరూ అనలేదు. పేరు చెప్పింది నేను. వాడు టీ తెచ్చి నా ముందు పెట్టాడు. తాగాను."